దాగే రంగు... పెళ్లి రంగు!

తొలకరి గట్టిగా పడిన రాత్రి ఊరి చివర కుంట దగ్గర కచేరీ మొదలవుతుంది. ఒక కప్ప గొంతెత్తితే పది అందుకుంటాయి. పది కాస్తా వంద అవుతాయి. ఆ హోరులో పక్కనున్నవాళ్ల మాట కూడా వినిపించదు. తెల్లారాక అదే గట్టు మీదికి వెళ్లి చూడండి. ఎంత వెతికినా ఒకటో రెండో తప్ప కనిపించవు. అడుగు ముందుకు వేస్తే మాత్రం కాళ్ల దగ్గర్నుంచే బుడుంగుమని నీళ్లలోకి దూకుతాయి!

అంటే అవన్నీ అక్కడే ఉన్నాయి. మన కళ్లముందే ఉన్నాయి. కాకపోతే ఒకటి మట్టిపెళ్లలా, ఒకటి ఎండుటాకులా, ఇంకొకటి నాచుముక్కలా కనిపించి ఉంటాయి. కప్పకు కొమ్ముల్లేవు, కోరల్లేవు, పైన చిప్ప కూడా లేదు. మెత్తటి ఒళ్లు, తడి చర్మం. కొంగకూ కాకికీ లకుముకి పిట్టకూ అంతకన్నా సులువైన భోజనం ఏముంటుంది? అందుకే కప్పజాతి చాలావరకు ఒకే ఉపాయం మీద బతుకుతోంది. ఉన్నచోట ఉన్నట్టే లేనట్టు ఉండటం!

ఈసీఐఎల్ చౌరస్తా నుంచి కీసర వెళ్లే దారిలో ఉంటుంది నాగారం. ఒకప్పుడు చుట్టూ ఎర్ర చెలకలు, మధ్యలో నల్లరేగడి మడులు, వానాకాలం పారే ఒర్రెలు, నిండే కుంటలు, దూరంగా కీసరగుట్ట. ఎటు చూసినా ఒకదానిమీద ఒకటి పేర్చినట్టు గ్రానైటు గుండ్లు. ఇప్పుడు అక్కడ కాలనీలు, అపార్టుమెంట్లు, సిమెంటు రోడ్లు. మనుషులకు చిరునామా మారింది. అక్కడి కప్పలకు మాత్రం కాళ్ల కింది నేల రంగే మారిపోయింది. ఆ తేడా ఎంత పెద్దదో తెలియాలంటే ముందు కప్ప రంగు సంగతి తెలుసుకోవాలి.

సున్నం గోడ మీద అతిథి

వానాకాలం రాత్రి స్నానాలగదిలో లైటు వేయగానే గోడకు అతుక్కుని ఒక సన్నటి కప్ప కనిపించడం, పిల్లలు కెవ్వుమనడం శివారు ఇళ్లలో మామూలే. పొడవాటి కాళ్లు, వేళ్ల చివర గుండ్రటి బిళ్లలు, పెద్దపెద్ద కళ్లు. అది చెట్టుకప్ప. శాస్త్రీయ నామం పాలిపెడేటిస్ మాక్యులేటస్. చెట్టు మీద, చీకటి మూలలో ఉన్నప్పుడు ముదురు గోధుమరంగులో మచ్చలతో ఉంటుంది. తెల్లటి గోడ మీద వెలుతురులో ఉన్నప్పుడు మచ్చలు దాదాపు మాయమై, మీగడ రంగుకు తిరిగిపోతుంది. ఆంగ్లేయులు దీనికి పెట్టిన పేరు చునాం ఫ్రాగ్. చునాం అంటే సున్నమే!

ఇందులో మంత్రమేమీ లేదు. కప్ప చర్మంలో రంగు కణాలు పొరలు పొరలుగా ఉంటాయి. పైపొరలో పసుపు, ఎరుపు రంగులున్న కణాలు. వాటి కింద వెలుగును అద్దంలా తిప్పికొట్టే కణాలు. అడుగున నల్లటి రేణువులున్న కణాలు. ఈ అడుగు కణాలు ఆక్టోపస్‌లా చేతులు చాచుకుని ఉంటాయి. నల్లటి రేణువులు ఆ చేతుల చివరిదాకా పరుచుకుంటే కప్ప ముదురు రంగులోకి మారుతుంది. అవే రేణువులు మధ్యకు వచ్చి ముద్దగా చేరితే లేతబడుతుంది. చేటలో నువ్వులు పరిచినప్పుడు చేటంతా నల్లగా కనిపిస్తుంది. అన్నింటినీ ఒక మూలకు నెడితే చేట తెల్లదనం బయటపడుతుంది. అచ్చం అలాగే.

మరి ఎప్పుడు పరచాలో ఎప్పుడు ముడవాలో చెప్పేదెవరు? మొదట కన్ను. పైనుంచి పడే వెలుగెంత, కింది నేల తిప్పికొట్టే వెలుగెంత... ఈ రెంటినీ కన్ను పోల్చుకుంటుంది. ఆ కబురు మెదడు అడుగున ఉండే పీయూష గ్రంథికి చేరుతుంది. ఆ గ్రంథి రక్తంలోకి వదిలే హార్మోను నల్లటి రేణువులను పరుస్తుంది. చుట్టూ ఉన్న వేడి, తేమ కూడా ఇందులో చెయ్యి వేస్తాయి. లేత రంగు ఎండ వేడిని తక్కువగా పీల్చుకుంటుంది. కాబట్టి కప్ప రంగు అంటే దాక్కోవడం ఒక్కటే కాదు, ఒళ్లు ఎండిపోకుండా చూసుకోవడం కూడా.

ఈ గ్రంథి గుట్టు విప్పినవారిలో ముఖ్యుడు బ్రిటన్ జంతుశాస్త్రవేత్త లాన్స్‌లాట్ హాగ్బెన్. పీయూష గ్రంథి తీసేసిన కప్ప ఎలాంటి నేల మీద ఉన్నా పాలిపోయే ఉంటుందని, ఆ గ్రంథి సారాన్ని ఎక్కిస్తే మళ్లీ నల్లబడుతుందని 1920లలో చూపించాడాయన. తర్వాత దక్షిణాఫ్రికా వెళ్లి అక్కడి గోళ్ల కప్పల మీద అదే పని కొనసాగించాడు. 1930 నాటికి ఇంకో విశేషం బయటపడింది. పశువుల పీయూష గ్రంథి సారం ఎక్కిస్తే ఆడకప్ప గుడ్లు పెడుతోంది! గర్భిణి మూత్రంతోనూ అదే జరుగుతుందని తేలడంతో ప్రపంచమంతటా ఆస్పత్రుల్లో గర్భనిర్ధారణకు కప్పలే ఆధారమయ్యాయి. 1960ల దాకా ఆ పరీక్ష నడిచింది. కప్ప రంగెందుకు మార్చుతుందని ఒకాయన అడిగిన ప్రశ్న ఎన్ని ఇళ్లకు శుభవార్త మోసిందో!

వాగులో పాఠం

నేల రంగుకూ ఒంటి రంగుకూ ఉన్న ముడి ఎంత గట్టిదో చెప్పేందుకు శాస్త్రవేత్తలు తరచూ చూపించే జీవి ఒకటుంది. సాలమాండర్. బల్లిలా తోక ఉన్నా ఇది కప్పకు చుట్టం. మన తెలుగునేల మీద లేదు. దేశం మొత్తంలో డార్జిలింగ్, సిక్కిం, ఈశాన్య కొండల్లో మాత్రమే ఈ వంశంవారు కనిపిస్తారు. అమెరికాలో మాత్రం బోలెడు రకాలు.

అక్కడి కెంటకీ, దాని పక్కనే ఒహాయో, ఇండియానా రాష్ట్రాల్లో సున్నపురాతి మీద పారే చిన్న వాగుల్లో పెరుగుతుంది ఆంబిస్టోమా బార్బౌరి అనే సాలమాండర్. సిన్సినాటి చుట్టుపక్కల ఉంటున్న మన తెలుగు కుటుంబాల ఇళ్లకూ అది దూరపు చుట్టమేమీ కాదు. ఈ వాగుల్లో కొన్నింటిలో దాన్ని తినే చేపలుంటాయి. కొన్నింటిలో ఉండవు. చేపల్లేని వాగులు ఎండాకాలానికి ఎండిపోతాయి కాబట్టి అక్కడి పిల్లలు భయం లేకుండా తిరిగి, త్వరగా తిని, త్వరగా పెరగాలి. చేపలున్న చోట దానికి పూర్తిగా తిరగబడిన బతుకు. కదలకూడదు, కనిపించకూడదు. అడుగు రంగులో కలిసిపోవాలి.

టిఫనీ గార్సియా, ఆండ్రూ సీ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు ఈ పిల్ల సాలమాండర్ల మీద చేసిన పరిశోధన 2003లో వెలువడింది. లేత రంగు అడుగు మీద ఉంచితే లేతబడ్డాయి, ముదురు అడుగు మీద ఉంచితే ముదిరాయి. పుట్టుకతో వచ్చిన రంగుకు తోడు, ఉన్న చోటును బట్టి సర్దుకునే గుణమూ ఉందన్నమాట.

అంతకుముందే, 1999లో, ఆండ్రూ స్టోర్ఫర్ బృందం ఇంకో చిక్కును గుర్తించింది. చేపలున్న వాగులోని సాలమాండర్లు తరాలు గడిచేకొద్దీ అక్కడి అడుగుకు తగ్గ రంగులో స్థిరపడాలి. కానీ చేపల్లేని వాగుల నుంచి కొత్తవి వచ్చి కలుస్తున్న చోట అది సరిగ్గా జరగడం లేదు. ఆ చోటు అవసరం ఒకటి, వచ్చిచేరిన జన్యువులు ఇంకొకటి. అంటే నేలకు తగ్గ రంగు రావడం కుండపోత వానలా ఒక్కరోజులో అయ్యేది కాదు. ఎన్నో తరాల పాటు ఆ నేలతోనే కాపురం చేయాలి.

ఎవరి నేల వారిది

మళ్లీ మన వైపు వద్దాం. నాగారం అన్నరాయుని చెరువు మొదలుకుని శామీర్‌పేట చెరువు దాకా, దారిలోని ప్రతి కుంటలో ఒకరకం కప్పలున్నాయి. అలికిడైతే నీళ్ల మీద రాయి విసిరినట్టు గెంతుకుంటూ పోతాయి. పిల్లలు చిల్లపెంకు విసిరి గెంతించే ఆటను గుర్తు చేస్తాయి. వీటి వీపు బురద, నాచు కలిసిన రంగు. పొట్ట తెలుపు. పైనుంచి చూసే కొంగకు బురదలో బురద. కిందినుంచి చూసే చేపకు ఆకాశంలో ఆకాశం! ఒకే ఒంటికి రెండు వేషాలు.

గడ్డిలో, పొలం గట్ల మీద ఉండే చిన్న కప్పల్లో మరో వింత. ఒకే మడిలో ఉన్న ఒకే జాతిలో కొన్నింటికి వెన్ను పొడవునా లేతరంగు గీత ఉంటుంది, కొన్నింటికి ఉండదు. ఆ గీత కప్ప ఆకారాన్ని రెండుగా చీల్చి, గడ్డిపోచల మధ్య కన్ను మోసపోయేలా చేస్తుందని శాస్త్రవేత్తలు భావిస్తారు. అందరూ ఒకేలా లేకపోవడంలోనూ లాభముంది. గీత ఉన్నదాన్ని పట్టడం నేర్చిన పిట్ట గీత లేనిదాన్ని దాటిపోతుంది.

ఎండుటాకుల కింద బొటనవేలి గోరంత కప్ప ఒకటుంటుంది. వీపు మీద ముదురు రంగు ముద్ర. కదలకుండా కూర్చుంటే ఈనెలున్న ఆకుముక్కే. వానాకాలంలో దాని గొంతు మాత్రం ఒంటికి పదింతలు!

ఇక గ్రానైటు గుండ్లు. హైదరాబాద్ చుట్టుపక్కల బండల వయసు దాదాపు 250 కోట్ల సంవత్సరాలు. ఎండకు వానకు అరిగి బూడిద, గులాబి, నలుపు మరకలు కలిసిన రంగు తేలాయి. ఆ గుండ్ల మీద తలాడిస్తూ కూర్చునే రాతి తొండ మామూలప్పుడు అచ్చం ఆ బండ రంగే. ఆడతొండ ఎదురైనా, పోటీకి ఇంకో మగతొండ వచ్చినా క్షణాల్లో పసుపు, ఎరుపు, నలుపు రంగులతో వెలిగిపోతుంది. ఈ రంగుల మార్పును బెంగళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థకు చెందిన మారియా థాకర్ బృందం కొన్నేళ్లుగా పరిశీలిస్తోంది. ఊసరవెల్లి కూడా అంతే. చుట్టూ ఉన్న రంగును అద్దంలా చూపిస్తుందనుకుంటాం గానీ, అది మెరిసే రంగులకు మారేది ఎక్కువగా కోపానికీ, జతకోసమే. ఎన్నికలప్పుడు దాని పేరెత్తి తిట్టుకునే నాయకులు పాపం ఆ జీవికి అన్యాయం చేస్తున్నారు!

అన్నీ దాక్కోవాలనే అనుకోవు. మిరుగు దాటి ఆరుద్ర కార్తె వచ్చేసరికి చెలకల్లో ముఖ్‌మల్ ముక్కల్లా ఆరుద్ర పురుగులు నడుస్తుంటాయి. అంత ఎర్రగా, అంత తీరుబడిగా! 'నన్ను తింటే నీకే నష్టం' అని చెప్పే హెచ్చరిక రంగు అది. నోట్లో వేసుకున్న పక్షి దాని రుచి భరించలేక వదిలేస్తుంది. దాగలేనివాడు బెదిరిస్తాడు. బెదిరించలేనివాడు దాక్కుంటాడు. కప్పలు చాలావరకు రెండో దారి ఎంచుకున్నాయి.

ఏడాదికి ఒక్క పూట

అలాంటి కప్ప ఏడాదిలో ఒక్కసారి మాత్రం ఆ జాగ్రత్తంతా గాలికి వదిలేస్తుంది.

బోదురుకప్పను చూడండి. అరచేయంత ఒళ్లు, ఆకుపచ్చ గోధుమ కలిసిన వీపు, దానిమీద ముదురు మచ్చలు. గడ్డి గట్టు మీద కూర్చుంటే ఆనవాలు దొరకదు. ఎండాకాలమంతా భూమిలో దూరి పడుకుంటుంది. తొలి భారీ వాన నేలను తడపగానే పైకి వస్తుంది. మగకప్ప నిమ్మపండు రంగు పసుపులోకి మారిపోతుంది. గొంతుకు రెండువైపులా నీలం బుడగలు ఉబ్బుతాయి. వాన వెలిసిన నీటిగుంటలో పసుపుముద్దల్లా తేలుతూ అరుస్తుంటే చూసినవాళ్లు ఇవేవో విదేశీ కప్పలనుకుంటారు. పసుపు రాసిన పెళ్లికొడుకులని చెబితే సరిపోతుంది!

ఇంటి మెట్ల కింద, పూలకుండీల వెనక, వీధిదీపం అడుగున కూర్చుని పురుగులు తినే పొక్కుల కప్ప కూడా ఈ విద్య నేర్చినదే. దీని ఒళ్లు అచ్చం మొరం రాయి. చెవుల వెనక ఉబ్బెత్తు గ్రంథుల్లో విషముంటుంది కాబట్టి కుక్క కూడా ఒకసారి కరిచాక మళ్లీ జోలికి పోదు. ఏడాదంతా మట్టిరంగులో ఉండే మగకప్పలు వానలకు గుంటల దగ్గర గుమిగూడే ఒకటి రెండు రోజులు మాత్రం పసుపురంగుకు తిరుగుతాయి. తర్వాత మళ్లీ మట్టే.

ఎందుకీ పసుపు? వియన్నా శాస్త్రవేత్తలు దీని వెంట పడ్డారు. మనం భయపడినప్పుడు, ఉద్రేకపడినప్పుడు ఒంట్లో ఊరే అడ్రినలిన్ వంటి రసాయనాలే కప్పల్లోనూ ఈ పని చేస్తున్నాయని, వాటిని ఎక్కిస్తే పది నిమిషాల్లోనే రంగు మారుతోందని 2022లో వెల్లడించారు. ఆ తర్వాత త్రీడీ ప్రింటర్‌తో గోధుమరంగు, పసుపురంగు బొమ్మకప్పలు చేసి మగకప్పల మధ్య ఉంచారు. ఆ ఫలితాలు 2025లో వచ్చాయి. మగవి గోధుమరంగు బొమ్మలనే ఆడకప్పలనుకుని పట్టుకున్నాయి. పసుపు బొమ్మల జోలికి పెద్దగా పోలేదు. అంటే ఆ రంగు ఆడకప్పను మెప్పించేందుకు వేసుకున్న సోకు అనుకోనక్కర్లేదు. 'నేనూ మగవాడినే, నన్ను వదులు' అని తోటివాళ్లకు చూపే జెండా! వందల కప్పలు ఒకదానిమీద ఒకటి పడే తొక్కిసలాటలో, ఉన్నది ఒకటి రెండు రాత్రులే అయినప్పుడు, ఆ మాత్రం జెండా లేకపోతే పెళ్లిముహూర్తం దాటిపోతుంది.

ఇక్కడే అసలు సంగతి ఉంది. కప్పకు రెండు రంగులు. ఒకటి బతకడానికి, ఇంకొకటి బతికించడానికి. దాగే రంగుకు తగ్గ నేల కావాలి. పెళ్లి రంగుకు వాననీరు నిలిచే పల్లం కావాలి. ఈ రెండూ ఉంటేనే కప్ప సంసారం సాగుతుంది.

పల్లం లేని ఊరు

శివారులో వెంచరు వేయడమంటే మొదట జరిగే పని చదును చేయడం. గుండ్లు పగిలి కంకర అవుతాయి. పల్లం మొరంతో నిండుతుంది. ఒర్రె సిమెంటు కాలువ అవుతుంది. మనిషికి ఇదంతా సౌకర్యమే. నీళ్లు నిలవకుండా పోతాయి, దోమలు తగ్గుతాయనుకుంటాం. కప్పవైపు నుంచి చూస్తే లెక్క వేరు.

బురద రంగు వీపుతో తెల్లటి సిమెంటు కాలువలో కూర్చున్న కప్ప తెల్లకాగితం మీద సిరామరక. పై నుంచి వెళ్లే కాకికి వెతుక్కోవాల్సిన పని లేదు. సాలమాండర్ పిల్లల్లా, చెట్టుకప్పలా కొంత లేతబడగలదు గానీ దానికీ ఓ హద్దుంది. మట్టిలో ఎన్ని ఛాయలున్నాయో అన్ని ఛాయల్లోకి తిరగగలిగిన చర్మానికి సిమెంటు తెలుపు, టైల్సు మెరుపు తెలియవు. పైగా నిటారు గోడల కాలువలో పడ్డ పొక్కుల కప్ప పైకి ఎక్కలేదు.

'జీవులు మారిన నేలకు తగ్గట్టు తామూ మారతాయి కదా, పుస్తకాల్లో చదివాం కదా' అని పిల్లలు అడగవచ్చు. నిజమే. ఇంగ్లండులో ఫ్యాక్టరీల మసికి చెట్ల బెరళ్లు నల్లబడినప్పుడు లేతరంగు చిమ్మెటల స్థానంలో నల్ల చిమ్మెటలు పెరిగిపోయాయి. మాంచెస్టరులో 1848లో నల్ల చిమ్మెట కనిపించడమే వార్త. 1895 నాటికి అక్కడ నూటికి 98 నల్లవే. 1956లో గాలి శుభ్రతకు చట్టం వచ్చాక మళ్లీ లేతవి పెరిగాయి. కానీ గమనించండి. అక్కడ చెట్టు రంగే మారింది, చెట్టు పోలేదు. మారడానికి యాభై ఏళ్లు దొరికాయి. మన శివార్లలో కుంట రంగు మారడం లేదు, కుంటే పోతోంది. అదీ ఒక ఎండాకాలంలో, నాలుగు టిప్పర్ల మొరంతో. దానికి తగ్గ రంగు ఏ జీవి దగ్గరా ఉండదు.

మిగిలిన పల్లాలకూ ఇంకో పరీక్ష. కప్పల పెళ్లి ఒకటి రెండు రాత్రుల ముచ్చటే. గుడ్లు పొదగడానికి, తోకకప్పలకు కాళ్లు రావడానికి మాత్రం నీళ్లు వారాల తరబడి నిలవాలి. రెండోరోజే మోటారు పెట్టి తోడేసినా, పక్కింటి మురుగు దాంట్లో కలిపినా ఆ ఏటి సంతానం అంతటితో సరి. ఇలా రెండు మూడేళ్లు జరిగితే, పాత కప్పలు వయసు మీరి పోయాక ఆ కాలనీలో తొలకరి రాత్రి నిశ్శబ్దంగా ఉంటుంది.

ఇది ఒక్క ఊరి గోడు కాదు. ప్రపంచంలోని 8,011 ఉభయచర జాతులను లెక్కలోకి తీసుకుని 2023లో నేచర్ పత్రికలో వచ్చిన నివేదిక ప్రకారం దాదాపు 41 శాతం జాతులు ముప్పులో ఉన్నాయి. సాలమాండర్లలో అయితే ప్రతి ఐదింటిలో మూడింటిది అదే స్థితి. వెన్నెముక ఉన్న జీవుల్లో ఇంత ప్రమాదంలో ఉన్న వర్గం ఇంకోటి లేదు. నాగారం కుంటల్లోని బోదురుకప్ప, పొక్కుల కప్ప, చెట్టుకప్ప దేశమంతటా ఉన్న మామూలు జాతులే. ఇంకా ఆ ముప్పు జాబితాలో లేవు. కానీ దేశంలో ఉండటం వేరు, మన వీధిలో ఉండటం వేరు. జాతి మిగిలి ఉండగానే ఊరి నుంచి మాయం కావచ్చు.

వానలు మొహం చాటేసినప్పుడు రోకలికి కప్పను కట్టి, ఇంటింటికీ తిరిగి నీళ్లు పోయించిన పల్లెలు మనవి. కప్పతల్లి తడిస్తే మబ్బు కరుగుతుందని నమ్మకం. నమ్మకం సంగతి ఎలా ఉన్నా, కప్పకూ వానకూ ఉన్న ముడిని పెద్దలు ఎంత దగ్గరగా చూశారో అర్థమవుతుంది.

ఇంట్లోవాళ్లు చేయగలిగేవి

ఇందుకు పెద్ద ఉద్యమాలే అక్కర్లేదు. హైదరాబాద్ గుండ్ల అందం కోసం 1996లో కొందరు పౌరులు సొసైటీ టు సేవ్ రాక్స్ పేరుతో ఒక్కటైనట్టు, కాలనీ సంఘాలు కూడా తమ పరిధిలో మిగిలిన ఒక్క కుంటను, ఒక్క గుండ్ల గుట్టను లెక్కరాసి పెట్టుకోవచ్చు. పార్కు మొత్తం టైల్సు పరిచే బదులు ఒక మూల మట్టిగా, ఆకులు రాలినవి రాలినట్టుగా వదిలేయవచ్చు. ఆ మూలే దాగే రంగుకు చోటు. వాననీరు ఇంకే పల్లం ఒకటి ఉంచితే బోరుకు నీళ్లు, కప్పలకు పెళ్లిపందిరి. ఒకే పల్లం, రెండు పనులు.

సంపులకు, నీటితొట్లకు మూత ఉంచాలి. మూత లేని తొట్టిలో, నిటారు కాలువలో ఒక కర్రో పలకో ఏటవాలుగా పెడితే పడినవి ఎక్కి వచ్చేస్తాయి. కప్ప కనిపిస్తే ఉప్పు చల్లడం, ఫినాయిలు పోయడం వద్దు. కప్ప తడి చర్మంతోనూ ఊపిరి పీలుస్తుంది. పైన ఏం పడినా ఒంట్లోకి ఇంకుతుంది. వాన రాత్రుల్లో గేటు ముందు దారి మీద బండి కాస్త నెమ్మదిగా నడిపితే చాలు, ఎన్నో పెళ్లికొడుకుల ప్రాణాలు నిలుస్తాయి.

పిల్లలకు ఓ సెలవురోజు పని కూడా ఉంది. గోడ మీది చెట్టుకప్పను ముట్టుకోకుండా ఫోనులో ఫొటో తీసి, గంట తర్వాత మళ్లీ తీయమనండి. వెలుగులో ఒకటి, చీకట్లో ఉన్నప్పుడు చూసి వెంటనే ఒకటి. రెండూ పక్కపక్కన పెట్టి చూస్తే సైన్సు పుస్తకంలో పాఠం గోడ మీదే దొరుకుతుంది. తొలకరి తర్వాత ఏ రోజు పసుపు కప్పలు కనిపించాయో, ఏ గుంటలో కనిపించాయో క్యాలెండరు మీద రాసిపెట్టమనండి. ఏటేటా రాస్తే నాలుగైదేళ్లలో ఆ క్యాలెండరే మీ కాలనీ చరిత్ర. ఏ ఏడు ఏ గుంట పేరు ఆ జాబితాలోంచి తప్పిపోయిందో అందులోనే తెలిసిపోతుంది.

కప్పలు మనకు కనిపించకపోవడం మంచిదే. అది వాటి నేర్పు. తొలకరి రాత్రి వినిపించకపోతేనే కంగారు పడాలి!